పాట అయ్యేదాకా

మా మనుమరాలు చదువుకునేటప్పుడు మాటలున్న పాటలు పెట్టుకోదు. మాటలుంటే మనసు వాటి వెనక పోతుందట. ఫోన్లో ఉత్త వాయిద్యాలు పెట్టుకుని, పుస్తకం ఒళ్లో వేసుకుని, చంద్రపూర్ తుకుంలో మా రెండు గదుల ఇంట్లో కిటికీ పక్కన కూర్చుంటుంది. ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో పచ్చిపులుసుకని చింతపండు పిసుకుతున్నాను. కూలర్ గరగరమంటోంది. ఆ గరగర కిందనుంచి ఒక పాట వినబడింది.

చేతులు కడుక్కోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. పులుసు మోచేతుల దాకా కారి చీరకంటింది. ముందు ఫిడేళ్లన్నీ కలిసి మెల్లగా, ఒక్కొక్క మెట్టు ఎక్కుతున్నట్టు పైకి పోతాయి. పైకి పోయి ఆగుతాయి. మళ్లీ పోతాయి. తర్వాత బొంగురు గొంతు పెద్ద ఫిడేళ్లు కిందనుంచి ఆ వరసను అందుకుంటాయి.

"ఈడ ఫోన్ మోగింది" అన్నాను.

మనుమరాలు తన ఫోన్ తిప్పి చూసుకుంది. "నాకేం రాలే, ఆజీ."

"నీకు గాదు. ఆపకు. ఆఖరిదాక పోనియ్."

అయిపోయాక అడిగాను, నేను ఈడ అన్న చోటినుంచి చివరిదాకా ఎంతసేపు పట్టిందని. అది వేలితో పాటను వెనక్కి జరిపి చూసింది. పదమూడు నిమిషాలు, మీద కొంచెం, అంది.

నా పదేండ్ల వయసులో ఒక గది నిండా పెద్దమనుషులు నన్ను ఈ లెక్కే అడిగారు. అప్పుడు నాకు గడియారం చూడటం రాదు. ఆ లెక్క చెప్పలేక మా బాపు పేరు చెడగొట్టానని ఇన్నేండ్లు నన్ను నేను తిట్టుకున్నాను. చెడగొట్టింది నేను కాదు. ఎవరో చెప్తాను, రాసుకోండి.

ఆ సంగీతం ఏందని మనుమరాలిని అడిగితే, పరదేశంలో ఎప్పుడో కట్టిన వరసలనీ, ముప్పై నలభై మంది ఒకేసారి తంతివాద్యాలు వాయిస్తారనీ చెప్పింది. సెరెనేడ్ అంటారట. సాయంత్రంపూట ఇష్టపడ్డ మనిషి కిటికీ కింద నిలబడి వాయించే పాటలకు ముందు ఆ పేరుండేదట. నాకు నవ్వొచ్చింది. నేనూ కిటికీ కింద నిలబడే విన్నాను. చేతిలో నీళ్ల చెంబుతో.

మా బాపు గోదావరి అవతలి పల్లెనుంచి ఇక్కడి బొగ్గుబాయిలో పనికి వచ్చాడు. భూమి కింద బొగ్గు తవ్వుకుంటూ పోతే పైన కప్పు మిగులుతుంది కదా, అది కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. దుంగ పెట్టే ముందు ఇనుప కొన ఉన్న కర్రతో కప్పును కొట్టి చూడాలి. గట్టి రాయైతే ఖంగుమంటుంది. లోపల పొర విడిచి ఉంటే డబ్బుమంటుంది, ముదిరిన గుమ్మడికాయ మీద కొట్టినట్టు. ఆ చీకట్లో కళ్లతో పని లేదు, చెవులతోనే బతకాలి అనేవాడు. పనినుంచి వచ్చేసరికి ఆయన ఒంటి మీద బొగ్గు వాసన, బీడీ వాసన, పచ్చి దుంగల జిగురు వాసన కలిసి ఉండేవి. మా అమ్మను నేను అవ్వా అని పిలిచేదాన్ని. అవ్వ కట్టెల పొయ్యి మీద కాగునిండా నీళ్లు కాచి పెట్టేది. ఎన్ని నీళ్లు పోసుకున్నా ఆయన చెవుల వెనక నలుపు పోయేది కాదు.

బాపు నాకు నేర్పిన చదువు వినడం ఒక్కటే. అంగడిలో కుండ కొనాలంటే నాతో కొట్టించేవాడు. కళ్లు మూసుకొమ్మని రెండు కుండలు కొట్టి, పగులు దేనికుందో చెప్పమనేవాడు. తప్పు చెప్తే కుమ్మరామె కూడా నవ్వేది. ఆ నవ్వు పడలేక పట్టుబట్టి నేర్చుకున్నాను. పుచ్చకాయ, తలుపు, సత్తుగిన్నె, కనబడినదల్లా వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టేదాన్ని.

బాయిలో బాపు మీద పని చూసే ఓవర్‌మాన్ మా పక్క ఊరివాడే. వరసకు బాపుకు తమ్ముడు, నాకు కాక. ఆయన పెండ్లాం పుట్టింటికి పోతే మా ఇంట్లోనే తినేవాడు, జొన్నరొట్టె, పుంటికూర, కొరుక్కోను పచ్చి ఉల్లిగడ్డ. ఒకరోజు ఆయన వంగి తింటుంటే వెనకనుంచి పోయి నెత్తి మీద కొట్టి చెవి పెట్టాను. ఇది గుల్ల బాపూ, అన్నాను. బాపుకు పొలమారింది. అవ్వ నా వీపు మీద ఒకటి వేసింది. కాక మాత్రం ముక్కు చీదుకునేదాకా నవ్వాడు. నీ బిడ్డను రేపటినుంచి బాయిలోకి తోలుకురా, నీకంటే బాగా పట్టింది, అన్నాడు. అంత చనువున్న మనిషి. పరాయివాడైతే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు.

కాలనీకి ఎగువన మేనేజరు సాహెబు బంగళా ఉండేది. అవ్వ అక్కడ అంట్లు తోమేది. ఎండాకాలం నాకూ ఒక పని దొరికేది. బంగళా వరండాకు నాలుగు వట్టివేళ్ల తడికలు కట్టేవారు. మధ్యాహ్నమంతా బయటినుంచి వాటి మీద నీళ్లు చల్లుతూ ఉండాలి. ఒక కొసన మొదలుపెట్టి నాలుగో తడిక తడిపేసరికి మొదటిది ఆరిపోయేది. చంద్రపూర్ ఎండ ఎట్లాంటిదో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బండల మీద కాలు పెట్టలేక తడిపిన గోనెపట్టా మీద నిలబడి, పట్టాను కాలితో జరుపుకుంటూ చల్లేదాన్ని. చల్లదనం లోపలివాళ్లది, వాసన మాత్రం నాక్కూడా వచ్చేది. బంగళా వంటవాడు తడిక పక్కన కునుకు తీస్తే, పనిగట్టుకుని ఒక చెంబు ఎక్కువ పోసేదాన్ని. వాడు తడిసిన పిల్లిలాగా లేచి నన్ను పట్టుకోవడానికి ఉరికేవాడు.

భోజనమయ్యాక సాహెబు పాటలపెట్టె తెరిచేవాడు. నల్లటి పళ్లేన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, ముల్లు దించి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకునేవాడు. ఆ పళ్లెం తిరుగుతున్నంతసేపు బంగళాలో గిన్నె చప్పుడు కాకూడదు. తలుపు చప్పుడు కాకూడదు. టెలిఫోన్ మోగినా ఎవరూ ఎత్తకూడదు. ఒకసారి వంటవాడు ఎత్తబోతే సాహెబు కళ్లు తెరవకుండానే ఒక వేలు పైకెత్తాడు. వంటవాడి చెయ్యి అక్కడే ఆగిపోయింది. అది ఆ ఇంటి కట్టడి.

మాటల్లేని పాట ఉప్పులేని కూర అనేది అవ్వ. పిల్లుల పెండ్లి అనేది. నాకూ మొదట్లో అట్లాగే ఉండేది. రోజూ తడికలు తడుపుతూ వినగా వినగా, ఒక పెద్ద గుంపు మనుషులు మాట్లాడుకుంటున్నట్టు తెలిసింది. ఒకరు అడుగుతారు, ఒకరు చెప్తారు. ఒకరు అలిగి పోతే అందరూ బతిమాలుతారు. సాహెబు ఎక్కువగా పెట్టే పళ్లేనికి రెండు ముఖాలు. మొదటి ముఖాన తిరుగుళ్ల పాట ఉండేది, బతుకమ్మ చుట్టూ తిరిగినట్టు కాళ్లు వాటంతటవే ఆడేవి. రెండో ముఖాన మొదట ఈ ఏడుపు పాట, దాని వెనక ఒక ఉరుకుల పాట. ఆ రెండో ముఖం మొత్తం అయ్యేసరికి నేను నాలుగు తడికల్నీ మూడు చుట్లు తడిపేదాన్ని. నాకు అదే గడియారం.

ఒకరోజు సాహెబు వరండాలోకి వచ్చి, నేను ఏడుపు పాటను గొంతులో తీసుకుంటూ నీళ్లు చల్లడం విన్నాడు. కోప్పడలేదు. కంఠతా వచ్చేసిందే అని హిందీలో నవ్వి, జేబులోంచి నిమ్మకాయ బిళ్ల తీసి ఇచ్చాడు. ఈ పిల్లకు తన పాటలు వచ్చునని అప్పటినుంచి ఆయనకు తెలుసు. ఇది ఎందుకు చెప్తున్నానో ముందు తెలుస్తుంది.

ఆ వరసలు సాయంత్రం బాపుకు పాడి వినిపించేదాన్ని. ఏడుపు పాట పాడినప్పుడు ఆయన నులకమంచం మీద పడుకుని బీడీ ఆరిపోయేదాకా విన్నాడు. మాటల్లేకపోయినా ఏం చెప్తుందో తెలుస్తోంది బిడ్డా, అన్నాడు. మళ్లీ పాడమన్నాడు.

ఆ రోజు కూడా సాహెబు రెండో ముఖమే పెట్టాడు. నేను మొదటి చుట్టు సగంలో ఉన్నాను. పెద్ద ఫిడేళ్లు అందుకున్నప్పుడు టెలిఫోన్ మోగింది. తడికల సందులోంచి చూశాను. సాహెబు వేలెత్తాడు. అది మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. వంటవాడు గుమ్మంలో నిలబడి సాహెబు వేలు వైపే చూస్తున్నాడు. మూడోసారి మోగినప్పుడు మేమ్‌సాబ్ లోపలినుంచి వచ్చి ఏదో అంది. సాహెబు వేలు దించలేదు.

దాచకుండా చెప్పాలి కదా. ఆ మోత నాకూ చిరాకనిపించింది. ఎవడు వీడు, పాట చెడగొడుతున్నాడు అని తిట్టుకున్నాను. చెంబు ముంచుకుని రెండో చుట్టు మొదలుపెట్టాను.

కింద ఏం జరిగిందో బయటపడ్డ కూలీలు తర్వాత గుసగుసగా చెప్పారు, పని పోతుందని పైవాళ్ల ముందు ఎవరూ నోరు విప్పలేదు. బాపు కప్పు కొట్టి చూశాడు. డబ్బుమంది. కాకకు చెప్పాడు. అంతకుముందు నెల ఇట్లాగే ఇంకో ఓవర్‌మాన్ పని ఆపి మనుషుల్ని బయటికి తీస్తే, కప్పు కూలలేదని సాహెబు అతన్ని అందరి ముందు తిట్టి పనిలోంచి తీసేశాడు. అప్పటినుంచి సాహెబు నోటిమాట లేకుండా పని ఆపే ధైర్యం ఎవరికీ లేదు. కాక కిందనుంచి పైకి ఫోన్ చేశాడు, పైవాళ్లు బంగళాకు చేశారు. బంగళాలో ఎవరూ ఎత్తలేదు. హుకుం వచ్చేదాకా పని నడవాలన్నాడు కాక. బాపు కొడుతూ, వింటూ, దుంగ మీద దుంగ పెడుతూ ఉన్నాడు. కప్పు దిగే చప్పుడు వినగానే అరిచి అందరినీ తరిమాడు. తను రాలేకపోయాడు.

పైన పాట అయింది. ముల్లు గీసుకుంది. సాహెబు లేచి ఒళ్లు విరుచుకుని టెలిఫోన్ దగ్గరికి నడిచాడు. ఆయన చెయ్యి వేసేలోపలే బాయి భోంగా మొదలైంది. షిఫ్టు మారేటప్పుడు కూసే భోంగా కాదు, ప్రమాదమైతేనే కూసే ఆగని భోంగా. అవ్వ బూడిద చేతులతోనే ఉరికింది. దారి పొడుగునా ఆడవాళ్లు ఇండ్లలోంచి బయటికి వచ్చి, ఎవరి మొగుడో తెలియక అందరూ అందరి మొహాలు చూస్తున్నారు. అవ్వ ఎవరినీ చూడలేదు.

తప్పు ఎవరిదో తేల్చడానికి పెద్దాఫీసునుంచి ఒకాయన వచ్చాడు. బాయి తప్పని తేలితే బాపు బదులు అవ్వకు పని ఇస్తారు, కాలనీలో గది ఉంటుంది. బాపు తప్పని తేలితే గది ఖాళీ చెయ్యాలి. అవ్వ గది కోసం ఏడవలేదు. బాపు కప్పు కొట్టి చూడకుండా పనికి దిగాడని సాహెబు కాగితం రాసిచ్చాడని తెలిసినప్పుడు ఏడ్చింది. కుండ కొట్టకుండా కొననివాడు కప్పు కొట్టకుండా పోయాడా అని పరామర్శకు వచ్చినవాళ్లందరినీ పట్టుకుని అడిగేది. వాళ్లు తల ఊపి, ఇచ్చిన చాయ తాగి పోయేవాళ్లు.

బాయి క్లబ్బు గదిలో విచారణ పెట్టారు. ముందు కాకను అడిగారు. బాపు తనకేమీ చెప్పలేదన్నాడు. ఫోన్ చేయించింది దుంగలు సరిపోవని చెప్పడానికన్నాడు. రెండు మూడు నిమిషాల్లో సాహెబు పలికాడన్నాడు. మొత్తం నేల చూస్తూ చెప్పాడు. అవ్వ అతని వైపు చూస్తూనే ఉంది, మా ఇంట్లో రొట్టె తిన్న మనిషి ఒక్కసారైనా తలెత్తుతాడేమోనని.

కూలీల సంఘం నాయకుడు నన్ను ముందుకు తెచ్చాడు. ఫోన్ మోగాక సాహెబు ఎంతసేపటికి లేచాడని పెద్దాఫీసాయన హిందీలో అడిగాడు. పాట అయ్యేదాకా, అన్నాను. పాట ఎంతసేపు, అన్నాడు. రెండున్నర చుట్లు, అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నాలుగు తడికలకు ఒక చుట్టు, అని చెప్పాను. ముందు వరసలో ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు, మావాళ్లు కూడా.

సాహెబు నవ్వలేదు. చాలా మర్యాదగా లేచి, పాప చెప్పింది నిజమే, నేను పాట వింటున్నాను, ఎంతసేపో అందరూ చూద్దురుగాని, అన్నాడు. బంట్రోతుతో పాటలపెట్టె తెప్పించాడు. అదే అట్ట, అదే నల్ల పళ్లెం. పెద్దాఫీసాయన చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు. సాహెబు చూసి చూసి ముల్లు దించాడు.

తిరుగుళ్ల పాట వచ్చింది.

మొదట నేనే పొరపాటుపడ్డానేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది. పళ్లెం అదే, ముఖం వేరు. పాట మూడు నిమిషాల చిల్లరకు అయిపోయింది. వెంటనే సాహెబు ముల్లు ఎత్తేశాడు.

"ఇది గాదు. ఆ పళ్లెం తిరగెయ్యుండ్రి" అన్నాను.

నాయకుడు దాన్ని హిందీలో చెప్పాడు. పెద్దాఫీసాయన నన్ను జాలిగా చూశాడు. ఆయనకు, నాయకుడికి, ఆ గదిలో ఉన్న అందరికీ ఆ పాటలన్నీ ఒకటే, ఉత్త కుయ్ కుయ్. వెనక ఏడుపు పాట ఒకటి ఉందని సాహెబుకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. ఏం చెయ్యాలో తోచక ఆ ఏడుపు పాట ఎత్తుకున్నాను, అందరి ముందు, గొంతెత్తి. రెండు వరసలు అయ్యాయో లేదో ఎవరో వచ్చి నా తల నిమిరారు. పాపం తండ్రి పోయిన పిల్ల, ఏడవనీయండి, అన్నారు.

నేను ఏడవడం లేదు. ఆ సంగతీ సాహెబుకు ఒక్కడికే తెలుసు. పళ్లేన్ని అట్టలో దోపుతూ ఆయన నన్ను చూశాడు. నిమ్మకాయ బిళ్ల ఇచ్చినప్పుడు చూసినట్టు కాదు.

దుంగలు పెట్టేవాడు కప్పు కొట్టి చూడలేదని కాగితంలో రాశారు. గది పోయింది. మేమ్‌సాబ్ దయ తలచి బంగళా వెనక కట్టెల షెడ్డు ఇచ్చింది. అవ్వ మళ్లీ అంట్లు తోమింది. నేను మళ్లీ తడికలు తడిపాను. మా బాపును మట్టి కింద పెట్టినవాడు చల్లగా కునుకు తీయాలని నీళ్లు చల్లాను. ఒక్కొక్క చెంబుకూ ఒక్కొక్క శాపం పెట్టేదాన్ని. నీ కండ్లు పోను, నీ చెవుల పురుగులు పడ అని. శాపాలకు ఆయనకేం కాలేదు. బాగా లావయ్యాడు.

అప్పడాల రోజులు వచ్చాయి. మేమ్‌సాబ్ కోసం అవ్వ మినప్పప్పడాలు, గోధుమపాల కుర్డయి వడియాలు చేసి, డాబా మీద మంచాలేసి పాత పంచెల మీద ఎండబెట్టేది. పిట్టలు రాకుండా నేను కాపలా. మామూలుగా అయితే పచ్చి అప్పడాల పిండి దొంగిలించి, నూనెలో ముంచి తిని, వేళ్లు జుట్టుకు రాసుకోవడం నా పని. ఆ రోజు పిండి జోలికి పోలేదు. సాహెబు బాయికి పోయి, మేమ్‌సాబ్ నిద్రపోయాక, అట్టలోంచి ఆ నల్ల పళ్లెం తీసి డాబా మీదికి తెచ్చాను. అప్పడాల మధ్య ఖాళీ చేసి దాన్ని పెట్టాను. నా నీడ దాని మీద పడకుండా పక్కకు జరిగి కూర్చున్నాను.

ఎంతోసేపు పట్టలేదు. ముందు అంచు మెత్తబడింది. తర్వాత లేచింది. తర్వాత అప్పడం వంకర తిరిగినట్టే వంకర తిరిగింది. వేడి తారు వాసన వేసింది. నా ఒళ్లంతా సంతోషం. పెండ్లినాడు కూడా నాకు అంత సంతోషం లేదు.

చల్లారాక మళ్లీ అట్టలో దోపేశాను. మర్నాడు సాహెబు దాన్నే తీశాడు. ముల్లు ఎగిరెగిరి పడింది, ఫిడేళ్లు తాగిన మనుషుల్లాగా ఊగిపోయాయి. ఆయన దాన్ని ఆపి, వెలుతురుకు పట్టి చూసి, తడికల వైపు తిరిగాడు. నేను చెంబు గట్టిగా పట్టుకున్నాను. కొట్టాలి, అరవాలి, దొంగముండా అని తిట్టాలి. అప్పుడు నేనూ అందరూ వినేటట్టు అరుద్దామని కాచుకున్నాను. ఆయన దాన్ని మోకాలి మీద పెట్టి విరిచి చెత్తబుట్టలో వేశాడు. ఇంకో పాట పెట్టుకుని, గురక వచ్చేదాకా నిద్రపోయాడు.

ఆ నిద్ర ఎందుకు పట్టిందో పదిహేను రోజులకు తెలిసింది. సంఘం నాయకుడు మా షెడ్డుకు వచ్చాడు. నాగపూర్‌లో ఒక వకీలుకు ఈ సంగతి చెప్తే, ఆయనకు ఆ సంగీతం కొంత తెలుసట. పళ్లేనికి రెండో ముఖం ఉంటుంది, పొడుగుపాటి పాటలు ఉంటాయి, పిల్ల మాట నిజం కావచ్చు అన్నాడట. మళ్లీ విచారణ అడుగుదాం, ఏ పళ్లెమో పిల్ల చూపిస్తే చాలు, మనమే తెప్పించి తిరగేయిద్దాం అన్నాడు నాయకుడు.

అవ్వ మొహం ఎట్లా వెలిగిందో నేను చూశాను. నా వైపు తిరిగి, చెప్పవేందే, అంది. ఆ పాట పేరేందో, కట్టినవాడెవడో నాకు తెలియదు. అట్ట మీద రాసింది చదవడం రాదు. చూపించడానికి పళ్లెం లేదు. పాడితే క్లబ్బులో లాగా మళ్లీ ఏడుపంటారు. మర్చిపోయాను, అన్నాను. నాయకుడు లేచిపోయాడు. అవ్వ ఆ రోజునుంచి చచ్చేదాకా బాపు మాట ఎత్తితే నన్ను ఒక రకంగా చూసేది. పగ తీర్చుకున్నానని నేను మురిసిన రోజే సాహెబును నా చేత్తో కాపాడాను. ఈ సంగతి అవ్వకు చెప్పలేదు. గడ్‌చాందూర్‌లో సిమెంటు లారీలు నడిపి నడిపి పోయిన నా మొగుడికి చెప్పలేదు. ఇప్పుడే చెప్తున్నాను.

సాహెబు ఎప్పుడో పోయాడు, పరుపు మీద, పిల్లల చేతుల్లో. నాకు అందలేదు. కాక ఉన్నాడు. మా ఇంటికి రెండు గల్లీల అవతలే, తొంభై దగ్గర పడ్డాడు, చెవులు బాగానే ఉన్నాయి. పెండ్లిండ్లలో మనవాళ్లందరూ ముందు ఆయన కాళ్లు మొక్కుతారు. నేనూ మొక్కాను చాలాసార్లు, నలుగురిలో మొక్కక తప్పదు.

పదమూడు నిమిషాలని తెలిసిన మర్నాడు మనుమరాలిని తీసుకుని పోయాను. కాక వరండాలో కుర్చీలో ఉన్నాడు. కోడలు కింద కూర్చుని తొక్కుకని మామిడికాయలు కొడుతోంది. కొడుకు పక్కన పేపరు చదువుతున్నాడు. పచ్చి మామిడి వాసనకు నోరూరుతోంది. రా బిడ్డా, ఎన్ని రోజులైంది, అన్నాడు. ఒక పాట వినిపిద్దామని వచ్చాను అన్నాను. భజనా అని సంబరపడ్డాడు. మనుమరాలికి ముందే చెప్పి ఉంచాను, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో.

పెద్ద ఫిడేళ్లు అందుకున్నాయి. కాసేపు మర్యాదకు విన్నాడు. మాటల్లేవు కదా అన్నాడు.

"మా బాపు కింద దుంగలు వెడుతుంటె పైన సాహెబు విన్నడే, గదే పాట. నువ్వు ఫోన్ చేపిచ్చిన కాడికెల్లి మొదలువెట్టిచ్చిన కాకా" అన్నాను.

కోడలి కత్తి ఆగింది. కొడుకు పేపరు మడిచి, ముసలాయనకు బీపీ ఉంది అక్కా, పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు, అన్నాడు. పాట మొదలుపెట్టినప్పటినుంచి ఎన్ని నిమిషాలైందో ఫోన్లో అంకెలు చూపించమన్నాను మనుమరాలిని. మూడు దగ్గరికి వచ్చాక కాక మొహం ముందు పెట్టించాను.

"ఇగో, క్లబ్బుల నువ్వు చెప్పిన మూడు నిమిషాలు అయినయ్."

పాట ఆగలేదు. అంత పొడుగు పాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. నాలుగు అయింది. ఐదు అయింది. కాక లేవబోయి మళ్లీ కుర్చీలో పడ్డాడు. కొడుకు పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. ఏడుపు పాట తగ్గి తగ్గి, వినబడీ వినబడనట్టు అయి, ఉరుకుల పాట ఎత్తుకున్నప్పుడు మాట్లాడాడు. ఎప్పటిలాగే నేల చూస్తూ.

"కొట్టి సూసిండు బిడ్డా. నా ముంగటనే కొట్టిండు. గుల్లున్నది తమ్మీ, మందిని తీస్కపోదం అన్నడు. ఆగన్నా, ఫోన్ల హుకుం వస్తది అన్న నేను."

కోడలు ఆయన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

"నేనే తీస్కపోవచ్చు. నడువుండ్రి అని ఒక్క మాట అంటే అయిపోతుండె. నౌకరి పోతదని భయపడ్డ" అన్నాడు. కుర్చీ చేతులు పట్టుకుని ఎట్లాగో లేచి నిలబడి, "ఇగ బందు చెయ్యమను బిడ్డా. చెప్పిన కదా" అన్నాడు.

మనుమరాలి వేలు ఫోన్ మీదికి పోయింది. దాని మణికట్టు పట్టుకున్నాను.

"ఇంక ఆరు నిమిషాలున్నది, కూసో కాకా. మా బాపు ఇంక బతికే ఉన్నడు."

కాక కూర్చున్నాడు.